మచ్చ ఎవరిది? జూలియా పాస్ట్రానా 153 ఏళ్లు ఎదురుచూసిన మట్టి



తెలుగులో 'మచ్చ' అనే మాట రెండు పనులు చేస్తుంది. ఒంటి మీద ఉండే గుర్తూ మచ్చే, పరువు మీద పడే నిందా మచ్చే. 'మచ్చలేని మనిషి' అని ఒక నాయకుడిని పొగిడితే ఆయన చర్మం గురించి మాట్లాడటం లేదని అందరికీ తెలుసు. ఒంటి మీద గుర్తు మనిషి మీద నిందగా మారే దారి భాషలోనే పడి ఉంది. రోజూ నడిచే దారి కాబట్టి మనకి కనిపించదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ తన దీర్ఘకవితకి 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టి ఆ దారిని వెలుగులోకి తెచ్చాడు. ఈ దేశంలో ముస్లింగా పుట్టడమే అనుమానించడానికి సరిపోతుందని చెప్పడానికి ఆయన ఎంచుకున్న మాట అది.

దళిత విద్యార్థులకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పుట్టుకతో వచ్చింది. మనం చేసింది కాదు. కడిగితే పోదు. అయినా దానికి జవాబు మాత్రం జీవితాంతం మనమే చెప్పాలి.

ఈ భాగంలో ఉపమానాన్ని పక్కన పెట్టి అసలు పుట్టుమచ్చల గురించే మాట్లాడదాం. ఒంటి మీద నిజంగా ఉండే నల్లమచ్చలు, గోధుమరంగు మచ్చలు, ముఖమంతా పెరిగే వెంట్రుకలు. వాటితో పుట్టిన మనుషుల్ని చరిత్ర ఏం చేసింది? వాళ్ల ఒంటిని చదివి అర్థం చెప్పే అధికారం ఎవరు తీసుకున్నారు? ఈ ప్రశ్నలు వచ్చినప్పుడల్లా నాకు ఒక మెక్సికో ఆదివాసీ స్త్రీ గుర్తొస్తుంది. పేరు జూలియా పాస్ట్రానా. 1860లో చనిపోయింది. 2013లో పూడ్చిపెట్టారు. మధ్యలో 153 ఏళ్లు ఆమె దేహం ఎక్కడ ఉందన్నదే ఈ వ్యాసం.

1. రాజుగారికి కానుక

జూలియా కంటే ముందు ఇద్దరి గురించి చెప్పాలి.

కానరీ దీవుల్లో టెనెరిఫే అనే ద్వీపం ఉంది. స్పెయిన్ ఆక్రమించిన నేల. అక్కడ సుమారు 1537లో పెద్రో గొన్సాలెస్ పుట్టాడు. ముఖం మీదా ఒంటి మీదా ఒత్తుగా వెంట్రుకలు. 1547లో, పదేళ్ల పిల్లవాడిని, ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీకి కానుకగా ఇచ్చారు. గుర్రాన్నో చిలకనో ఇచ్చినట్టు. రాజు చదువు చెప్పించాడు. లాటిన్ వచ్చింది, ఆస్థాన మర్యాదలు వచ్చాయి, పేరు కూడా లాటిన్‌లోకి మారి పెట్రుస్ గొన్సాల్వుస్ అయింది. కేథరిన్ అనే ఫ్రెంచి స్త్రీతో పెళ్లయింది. పిల్లల్లో కొందరికి తండ్రి పోలికే వచ్చింది.

ఆ పిల్లల్లో ఆంటోనియెట్టా అనే పాప బొమ్మని ఇటలీ చిత్రకారిణి లవీనియా ఫొంటానా వేసింది. మంచి పట్టుబట్టలు, తల మీద పూలు, ముఖం నిండా వెంట్రుకలు, చేతిలో ఒక కాగితం. తన తండ్రి ఎక్కడివాడో, తాను ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉంటోందో ఆ కాగితంలో రాసి ఉంటుంది. చిన్నపిల్ల తన చిరునామా చీటీ తానే పట్టుకుని నిలబడి ఉందన్నమాట. బొలోన్యా పండితుడు ఉలిస్సే అల్డ్రోవాండి ఈ కుటుంబం గురించి రాశాడు. ఆయన పోయాక 1642లో అచ్చయిన వికృత రూపాల గ్రంథంలో వాళ్ల బొమ్మలున్నాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ కుటుంబం చిత్రాలు ఆస్ట్రియాలో అంబ్రాస్ కోటలో ఉన్నాయి. ఇలాంటి ఒక రకం రోమవృద్ధికి ఇరవయ్యో శతాబ్దపు వైద్యులు 'అంబ్రాస్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఆ లక్షణంతో బతికిన మనిషి పేరు పెట్టలేదు, అతని బొమ్మ వేలాడిన కోట పేరు పెట్టారు.

రెండో మనిషి మన పొరుగున ఉన్న బర్మావాడు. 1826లో ఈస్టిండియా కంపెనీ దూతగా జాన్ క్రాఫర్డ్ ఆవా నగరానికి వెళ్లినప్పుడు అక్కడ ష్వే మాంగ్ అనే అతన్ని చూశాడు. చిన్నప్పుడే రాజుకి కానుకగా వచ్చాడు. అతనికీ ముఖమంతా వెంట్రుకలే. అతని కూతురు మా ఫోన్‌కీ అదే లక్షణం. 1885 యుద్ధంతో బర్మా రాజ్యం కూలిపోయాక ఆ కుటుంబాన్ని ఐరోపాకి తీసుకెళ్లి టికెట్ పెట్టి చూపించారు. రాజు ఉన్నంతకాలం ఆస్థానంలో వింత, రాజు పోయాక బజారులో వింత.

టెనెరిఫే అయినా ఆవా అయినా పద్ధతి ఒకటే. ఆ మనిషి ఎవరి సొత్తు అన్నదే అడుగుతారు, ఆ మనిషికి ఏం కావాలని ఎవరూ అడగరు.

2. టికెట్ పెట్టి చూపించిన స్త్రీ

జూలియా 1834లో పశ్చిమ మెక్సికోలోని సినలోవా ప్రాంతంలో పుట్టింది. ఆదివాసీ. నాలుగున్నర అడుగుల ఎత్తు. ముఖం, ఒళ్లు నల్లటి వెంట్రుకలతో నిండి ఉండేవి. చిగుళ్లు, పెదాలు మందంగా ఉండేవి. ఆ రాష్ట్ర గవర్నర్ ఇంట్లో పనిమనిషిగా ఉండేది. 1854లో ఆమెని అమెరికా తీసుకెళ్లి ప్రదర్శనలకి పెట్టారు. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే మీద మొదలై, 1857కి లండన్ చేరింది.

ఆమె పాడేది. గొంతు బాగుండేదని చూసినవాళ్లు రాశారు. స్పానిష్ నృత్యాలు చేసేది. స్పానిష్, ఇంగ్లీషు మాట్లాడేది. ఇదంతా కళ్లముందు జరుగుతుండగానే, అలెగ్జాండర్ మాట్ అనే న్యూయార్క్ డాక్టరు ఆమె మనిషికీ ఒరాంగుటాన్‌కీ పుట్టిన సంకరం అని సర్టిఫికెట్ ఇచ్చాడు. ప్రచార కరపత్రాల్లో 'ఎలుగుబంటి స్త్రీ' అనీ, ఏ జాతో చెప్పలేని ప్రాణి అనీ వేశారు. రెండు భాషల్లో మాట్లాడే స్త్రీని పక్కన పెట్టుకుని 'ఇది మనిషేనా' అని చదువుకున్నవాళ్లు చర్చించారు.

మనకి ఇది వింతగా అనిపించకూడదు. సంస్కృతం చదివిన మాలమాదిగల్ని చూసి 'ఉచ్చారణ ఫర్వాలేదే' అని ఆశ్చర్యపడే పెద్దలు మన యూనివర్సిటీల్లో ఇప్పటికీ ఉన్నారు. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నా మాట వినకుండా ముఖం చదవడం ఒక పాత విద్య.

ఆమె ప్రదర్శనలు నడిపిన థియొడోర్ లెంట్ ఆమెని పెళ్లి చేసుకున్నాడు. భార్య సంపాదన చట్టప్రకారం భర్తదే అయిన కాలం అది. పెళ్లితో ఆమె శ్రమ, ఆమె ఒళ్లు, ఆమె పేరు మొత్తం ఒకే కాగితం మీద అతనికి వెళ్లిపోయాయి. 1860 మార్చిలో మాస్కోలో జూలియాకి కొడుకు పుట్టాడు. బిడ్డకీ తల్లి లక్షణమే. రెండు మూడు రోజులు కూడా బతకలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే ప్రసవ సమస్యలతో జూలియా కూడా పోయింది. 26 ఏళ్లు కూడా నిండాయో లేదో.

సాధారణంగా మనిషి కథ ఇక్కడ ముగుస్తుంది. జూలియా విషయంలో వ్యాపారం ఇక్కడ రెండోసారి మొదలైంది. లెంట్ తల్లీబిడ్డల దేహాల్ని మాస్కో విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్‌కి అమ్మాడు. ఆయన వాటిని కుళ్లిపోకుండా భద్రపరిచాడు. ఆ పని బాగా కుదిరిందని తెలిశాక లెంట్ భర్త హక్కు చూపించి వాటిని తిరిగి తీసుకున్నాడు. 1862 నాటికి లండన్‌లో మళ్లీ టికెట్లు. ఈసారి పాట లేదు, నృత్యం లేదు. నాట్యం దుస్తుల్లో నిలబెట్టిన శవం, పక్కన పసిబిడ్డ శవం. తర్వాత లెంట్ ముఖం మీద వెంట్రుకలున్న ఇంకో యువతిని పెళ్లి చేసుకుని, జూలియా చెల్లెలని చెప్పి ఆమెనీ ఊరూరా తిప్పాడు.

1868లో చార్లెస్ డార్విన్ తన పుస్తకంలో జూలియాని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆయన ఆమెని చూడలేదు, ఇతరులు చెప్పింది విని రాశాడు. ఆమెకి రెండు వరసల పళ్లున్నాయని రాశాడు. తర్వాతి కాలంలో ఆమె దంతాల అచ్చుల్ని పరిశీలించినవాళ్లు చిగుళ్లే మందంగా పెరిగాయనీ, రెండో వరస పళ్లు లేవనీ తేల్చారు. అంత గొప్ప శాస్త్రవేత్త కూడా ఆమె నోటి గురించి విన్నాడు, ఆమె నోటి నుంచి వినలేదు.

3. అసలు ఆ వెంట్రుకలేమిటి?

ఇప్పుడు సైన్సు చెప్పుకుందాం. అపోహ ఎక్కడ బతుకుతుందో తెలియాలంటే వాస్తవం కూడా తెలియాలి.

తల్లి కడుపులో ఉన్నప్పుడు మనందరికీ ఒళ్లంతా వెంట్రుకలుంటాయి. నాలుగైదు నెలల పిండానికి మెత్తటి నూగు ఒళ్లంతా కమ్ముతుంది. దీన్ని లానుగో అంటారు. మామూలుగా పుట్టేలోపో పుట్టిన కొద్ది వారాలకో అది రాలిపోతుంది. తర్వాత సన్నటి నూగు, తల మీదా కనుబొమల మీదా గట్టి వెంట్రుక, యవ్వనంలో మరికొన్ని చోట్ల గట్టి వెంట్రుక వస్తాయి. ఎక్కడ ఏ వెంట్రుక ఎప్పుడు పెరగాలో నిర్ణయించే జన్యు ఏర్పాటులో తేడా వస్తే, నూగు రాలకుండా పెరగడమో, నూగు ఉండాల్సిన చోట గట్టి వెంట్రుక రావడమో జరుగుతుంది. దీన్ని హైపర్‌ట్రైకోసిస్ అంటారు. పుట్టుకతో వచ్చేది చాలా అరుదు.

జూలియాకి ఉన్నట్టు గట్టి వెంట్రుకలు, మందమైన చిగుళ్లు కలిసి వచ్చే రకానికి 17వ క్రోమోజోమ్‌లో ఒక భాగంలో జరిగే మార్పులు కారణమని 2009లో చైనా కుటుంబాల మీద జరిగిన పరిశోధన చూపింది. అంటే క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లోపించడమో రెట్టింపవడమో. కోతీ లేదు, సంకరమూ లేదు. డాక్టర్ మాట్ సర్టిఫికెట్‌కి 155 ఏళ్ల తర్వాత వచ్చిన జవాబు ఇది.

మా క్లాసుల్లో అమ్మాయిలు గడ్డం కింద వెంట్రుకలొస్తున్నాయని చున్నీ కప్పుకుని కూర్చుంటారు. అది వేరే సంగతి. ఆడవాళ్లకి మీసం, గడ్డం వచ్చే చోట గట్టి వెంట్రుకలు రావడాన్ని హర్సూటిజం అంటారు. ఎక్కువగా హార్మోన్ల వల్ల, ముఖ్యంగా పీసీఓఎస్ వల్ల వస్తుంది. చాలామందికి ఉంటుంది, చికిత్స ఉంది. దాచుకోవలసిన తప్పు కాదు.

ఇక మచ్చలు. పుట్టుకతో వచ్చే నల్లటి పుట్టుమచ్చ సుమారు వందమంది శిశువుల్లో ఒకరికి ఉంటుంది. చాలా వరకు చిన్నవే. కొందరికి మాత్రం వీపంతా, నడుమంతా, సగం ముఖం కప్పేసేంత పెద్దది వస్తుంది. దాని మీద వెంట్రుకలు కూడా పెరుగుతాయి. పెద్దయ్యాక 20 సెంటీమీటర్లు దాటేదాన్ని భారీ పుట్టుమచ్చ అంటారు. పెద్ద పుట్టుమచ్చల్లో ఎక్కువ భాగానికి ఎన్‌ఆర్‌ఏఎస్ అనే జన్యువులో మార్పు కారణమని 2013 నాటికి తెలిసింది. ఆ మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో రాదు. పిండం ఎదిగే క్రమంలో ఒక్క కణంలో జరిగి, ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నిటికీ చేరుతుంది. అందుకే ఒంట్లో కొంతభాగానికే పరిమితమవుతుంది.

ఈ వాక్యాన్ని మన ఊళ్లలో గట్టిగా చదివి వినిపించాలి. ఎందుకంటే బిడ్డకి పెద్ద మచ్చ ఉంటే నింద తల్లి మీద పడుతుంది. గ్రహణం రోజు బయటికొచ్చింది, ఏదో కోసింది, ఏదో తిన్నది, ఎవరినో చూసి భయపడింది. కడుపులో ఒక కణంలో జరిగిన మార్పుకి అత్తగారి ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల తల్లి. గ్రహణానికీ మచ్చకీ సంబంధం లేదు. సూర్యుడికి అడ్డొచ్చేది చంద్రుడు, తల్లి కాదు.

4. ముక్కులు కొలిచిన కాలం

జూలియా శవం ఐరోపాలో ఊరూరా తిరుగుతున్న ఆ శతాబ్దం చివర్లోనే మనుషుల ఒంటిని చదివే విద్య మన దగ్గరికి కూడా వచ్చింది. ఇక్కడ టికెట్ లేదు, రిజిస్టర్ ఉంది.

1885లో జపాన్‌లో పనిచేస్తున్న జర్మన్ వైద్యుడు ఎర్విన్ బెల్జ్ పసిపిల్లల నడుము కింద, పిరుదుల మీద ఉండే నీలిరంగు మచ్చని వర్ణించాడు. దానికి 'మంగోల్ మచ్చ' అనే పేరు స్థిరపడింది. ఫలానా జాతికి గుర్తు అని. నిజానికి ఆ మచ్చ ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఆదివాసీ శిశువుల్లో అతి మామూలు. మన పిల్లల్లో ఎంతమందికి ఉంటుందో ఏ అంగన్‌వాడీ టీచర్‌ని అడిగినా చెబుతుంది. చర్మం లోపలి పొరలో రంగు కణాలు ఆగిపోవడం వల్ల వస్తుంది. చాలామందికి నాలుగైదేళ్లు వచ్చేసరికి పోతుంది. పసిబిడ్డ పిరుదు మీద కూడా జాతి రాసి ఉందని చదివినవాళ్లు వాళ్లు.

1891లో హెచ్.హెచ్. రిస్లే బెంగాల్ కులాల మీద పుస్తకం తెచ్చాడు. ముక్కు ఎంత వెడల్పైతే సామాజిక స్థాయి అంత తక్కువ అని సూత్రం చెప్పాడు. 1901 జనగణన కమిషనర్ ఆయనే. మన మద్రాస్ ప్రెసిడెన్సీలో ఆ పని ఎడ్గర్ థర్స్టన్ చేశాడు. మద్రాస్ మ్యూజియం సూపరింటెండెంట్. కొలత పరికరాలు పట్టుకుని ఊళ్లు తిరిగి తలలు, ముక్కులు కొలిచాడు. చర్మం రంగు చూడటానికి కూడా పరికరం వాడాడు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన 'దక్షిణ భారత కులాలు, తెగలు'లో మాలలు, మాదిగలు, ఎరుకలవాళ్లు అందరూ ఉన్నారు. మా పరిశోధకులం ఇప్పటికీ ఆ సంపుటాలు తిరగేస్తాం. తిరగేసిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ ముక్కు గలవాడు ఆ రోజు కొలిపించుకుంటూ ఏమనుకున్నాడో ఏడు సంపుటాల్లో ఎక్కడా లేదు.

ఎందుకు కొలిచారు? కులం ఒంటి మీద కనబడదు కాబట్టి. ఎంత వెతికినా కనబడని మచ్చని ఎలాగైనా కనిపెట్టాలని. జూలియాకి కనిపించే గుర్తు ఉంది, దాన్ని పట్టుకుని మనిషి కాదన్నారు. మనకి కనిపించే గుర్తు లేదు, అయినా ఉందని నిరూపించడానికి ఇనప పరికరం తెచ్చారు.

దీనికి గట్టి జవాబిచ్చింది బాబాసాహెబ్. 1936లో 'కుల నిర్మూలన'లో కులం జాతి విభజన కాదని వాదించారు. పంజాబ్ బ్రాహ్మణుడూ పంజాబ్ చమారూ జాతిపరంగా ఒకటేనన్నారు. 1948లో 'అంటరానివారు' పుస్తకంలో ఇంకో అడుగు వేశారు. వాళ్లు కొలిచిన ముక్కు లెక్కలనే తీసుకుని బ్రాహ్మణులకీ అంటరానివాళ్లకీ జాతి తేడా లేదని చూపించారు. వాళ్ల కర్రతోనే వాళ్ల పాముని కొట్టారు. మన ఒంటి మీద ఏ మచ్చా లేదు, ఉన్నది మీ ధర్మశాస్త్రంలో అని తేల్చారు.

5. రెండు గుర్తులు రాయండి

ఇదంతా పాత సంగతి అనుకునేవాళ్లు పదో తరగతి నామినల్ రోల్ నింపిన రోజు గుర్తు తెచ్చుకోండి. రెండు పుట్టుమచ్చలు రాయాలి. టీచర్ బల్ల ముందు వరసలో నిలబడి చేతులు తిప్పి, మెడ వంచి, ఎక్కడ మచ్చ ఉందో వెతుక్కోవాలి. నావి కుడి మోచేతి మీద ఒకటి, ఎడమ అరచేయి పైన ఒకటి. అదే కాగితంలో ఇంకో గడిలో కులం. ఆ రోజు క్లాసులో అందరూ ఒకరి గడి ఒకరు చూసుకున్నాం. మచ్చల గడి చూసి ఎవరూ దూరం జరగలేదు.

పుట్టుమచ్చలతో మనుషుల్ని గుర్తించే పద్ధతి పోలీసు రికార్డుల్లోనూ ఉంది. నేరస్థ తెగలని ముద్రవేసిన కుటుంబాలకి ఆ రికార్డు అంటే ఏమిటో బాగా తెలుసు. అయినా ఈ గడి వల్ల ఒక మేలుంది. మచ్చ ఉన్నందుకు ఎవరినీ తక్కువ చేయదు, అందరికీ రెండేసి అడుగుతుంది. రాష్ట్రంలో రాజుకైనా కూలీకైనా ఒకే రకంగా చూసిన అరుదైన గడి అది.

బస్టాండు పుస్తకాల్లో మాత్రం అలా కాదు. 'పుట్టుమచ్చల శాస్త్రం' అని చిన్న పుస్తకం దొరుకుతుంది. మగవాడికి కుడివైపు మంచిది, ఆడదానికి ఎడమవైపు మంచిది, ఇక్కడుంటే ధనం, అక్కడుంటే వైధవ్యం. చిన్న మచ్చకి అదృష్టం, పెద్ద మచ్చకి గత జన్మ పాపం. గత జన్మ పాపం అన్న మాట వినగానే మన చెవులు నిక్కబొడుచుకోవాలి. మనల్ని ఊరి చివర ఉంచడానికి వాడిన మాట కూడా అదే.

నేను పనిచేసే చోట డిగ్రీ చదివే ఒక అమ్మాయికి చెంప మీద అరచేయంత నల్లమచ్చ, దాని మీద వెంట్రుకలు. సెమినార్ రోజు పేపరు చదవనంది. ఎందుకమ్మా అంటే, "మేడం, నేను నిలబడితే పేపరు ఎవరూ వినరు, నన్నే చూస్తారు" అంది. జూలియా గురించి ఆ పిల్లకి అప్పటికి ఏమీ తెలియదు. కానీ జూలియా జీవితం మొత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పింది. ఆమె తర్వాతి నెల సెమినార్‌లో చదివింది. మొదటి రెండు నిమిషాలు అందరూ ముఖమే చూశారు. తర్వాత ఒకడు లేచి ఆమె వాదన మీద ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న కష్టమైందే. ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. ఎదుటివాడు మనతో విభేదించాడంటే మన మాట విన్నాడని అర్థం.

మచ్చని చదవొద్దని నేననడం లేదు. చదవాల్సినవాళ్లు చదవాలి. ఒంటి మీద కాఫీ పాలు కలిపిన రంగు మచ్చలు ఆరు, అంతకంటే ఎక్కువ ఉంటే, చిన్నపిల్లల్లో ఒక్కోటి 5 మిల్లీమీటర్లు, యవ్వనం వచ్చాక 15 మిల్లీమీటర్లు దాటితే, న్యూరోఫైబ్రొమటోసిస్ అనే జన్యు సమస్య ఉందేమో చూపించుకోవాలి. అది సుమారు మూడువేల మందిలో ఒకరికి ఉంటుంది. వాళ్లలో సగం మందికి తల్లిదండ్రుల నుంచి రాదు, కొత్తగా వస్తుంది. పసిబిడ్డకి నడుము కింద వెన్నుపూస మధ్యలో వెంట్రుకల కుచ్చు ఉంటే, 'తోక' అని దండం పెట్టకుండా, నవ్వకుండా, స్కాన్ తీయించాలి. లోపల వెన్నులో లోపం ఉండొచ్చు. భారీ పుట్టుమచ్చల్లో క్యాన్సర్ ప్రమాదం చిన్న మచ్చల కంటే ఎక్కువ కాబట్టి చర్మవైద్యుడు ఏటా చూడాలి. మచ్చ రంగు, అంచు, పరిమాణం మారినా, రక్తం కారినా ఆలస్యం చేయకూడదు. డాక్టరు చదివేది ఆ మనిషి మేలు కోసం. పంచాంగం, సర్కసు, జనగణన చదివింది తమ మేలు కోసం. తేడా అక్కడుంది.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. యాసిడ్ దాడి బాధితులు అందులో ఉన్నారు, ఉండాల్సిందే. ముఖం మీద భారీ పుట్టుమచ్చతోనో హైపర్‌ట్రైకోసిస్‌తోనో పుట్టినవాళ్లు ఆ జాబితాలో లేరు. వాళ్లకి శరీరం పనిచేస్తుంది, ఉద్యోగం ఇచ్చేవాడి చూపు పనిచేయదు. చూపు వల్ల వచ్చే వైకల్యాన్ని చట్టం ఇంకా కొలవలేదు. అంటరానితనం అలాంటి చూపేనని తెలిసిన మనం ఈ డిమాండ్‌ని మన డిమాండ్లలో చేర్చుకోవాలి.

6. మట్టి

జూలియా దగ్గరికి తిరిగొద్దాం. లెంట్ పోయాక దేహాలు చేతులు మారాయి. 1921లో నార్వేకి చెందిన ఒక ప్రదర్శనల వ్యాపారి కొన్నాడు. 1970ల దాకా సంతల్లో చూపించారు. అమెరికా కూడా తిప్పారు. జనం అభ్యంతరం చెప్పాక నార్వేలో ఆపేసి గోదాములో పెట్టారు. 1976లో దుండగులు గోదాములో దూరినప్పుడు పసిబిడ్డ దేహం పాడైపోయింది. మిగిలింది ఎలుకల పాలైంది. 1979లో జూలియా దేహాన్ని దొంగిలించారు. దొరికాక ఓస్లోలో శాస్త్ర సంస్థ గదిలో ఏళ్ల తరబడి ఉండిపోయింది. అటు వ్యాపారానికీ ఇటు పరిశోధనకీ మధ్య ఆమె ఒక వస్తువుగానే మిగిలింది.

2005 నుంచి మెక్సికో కళాకారిణి లారా ఆండర్సన్ బర్బాటా ఆమెని ఇంటికి పంపమని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. యూనివర్సిటీకి, ప్రభుత్వానికి, నైతిక కమిటీకి. ఏళ్లపాటు. 2012లో నార్వే కమిటీ ఒక మాట ఒప్పుకుంది. జూలియా తన దేహం ఇలా ప్రదర్శనలోనో అల్మారాలోనో ఉండాలని కోరుకుని ఉండే అవకాశం చాలా తక్కువ అని. చనిపోయిన 152 ఏళ్ల తర్వాత మొదటిసారి ఒక సంస్థ 'ఆమెకి ఏం కావాలి' అని ఆలోచించింది.

2013 ఫిబ్రవరి 12న సినలోవాలోని సినలోవా దె లేవా పట్టణంలో ఆమెని పూడ్చిపెట్టారు. తెల్ల శవపేటిక. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన తెల్లపూలు. పేటిక మూత తెరవలేదు. ఇన్నేళ్లలో ఆమెని ఎవరూ చూడకుండా గౌరవించిన సందర్భం అది.

మన ఊళ్లలో దళితుల శవానికి ఊరి దారిలో అడ్డం నిలబడినవాళ్లని చూసినవాళ్లకి, రెండు గజాల శ్మశానం కోసం కలెక్టరేట్ ముందు కూర్చున్నవాళ్లకి ఆ తెల్లపూల బరువు తెలుస్తుంది. బతికినప్పుడు ఒంటిని చదివిన సమాజం చచ్చాక కూడా ఒంటిని వదలదు. అందుకే మన పెద్దలు చదువుతో పాటు మట్టి కోసం కూడా కొట్లాడారు. అది సెంటిమెంటు కాదు. ఈ దేహం నాది అని చెప్పే చివరి వాక్యం.

విద్యార్థి మిత్రులకి రెండు పనులు. ఒకటి, మీ క్లాసులో, హాస్టల్లో మచ్చనో వెంట్రుకనో చూసి పెట్టిన పేర్లుంటే ఈ రోజే ఆపేయండి. 'ఎలుగుబంటి' అని పిలిచేటప్పుడు ఆ మాట ముందు ఎవరి కరపత్రం మీద అచ్చయిందో గుర్తు తెచ్చుకోండి. రెండు, మీ ఊళ్లో పెద్ద పుట్టుమచ్చతోనో ఒంటి నిండా వెంట్రుకలతోనో ఉన్న మనిషి ఉంటే, కూర్చుని మాట్లాడండి. పేరు అడగండి. ఫొటో అడగొద్దు.

వచ్చే భాగంలో 1911 నేరస్థ తెగల చట్టం, స్టూవర్టుపురం సెటిల్‌మెంట్. ఒక ఊరు మొత్తానికి పుట్టుమచ్చ ఎలా పెట్టారో చూద్దాం.

జై భీమ్.